ఇడ్లీ పిండి పెట్టెలో డీఎస్18బీ20: ఒకసారి 85, ఒకసారి మైనస్ 127

మహి_మారతహళ్లి · శనివారం రాత్రి 10:42

నమస్కారం అండీ. మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. డిసెంబర్ వచ్చిందంటే మా అమ్మకు ఇక్కడ ఒకటే దిగులు, ఇడ్లీ పిండి పులవదు. ఊళ్లో రాత్రి రుబ్బి మూతపెడితే తెల్లారేసరికి గిన్నె అంచు దాటేది. ఇక్కడ రాత్రి 16 డిగ్రీలకు పడిపోతుంటే మర్నాడు మధ్యాహ్నానికి కూడా పిండిలో కదలిక ఉండదు. అందుకని థర్మాకోల్ పెట్టెతో ఒక పులియబెట్టే పెట్టె తయారుచేస్తున్నాను.

కోడ్ నడిపే నోడ్‌ఎంసీయూ (ఈఎస్‌పీ8266) బోర్డు, స్టీలు గొట్టంలో ఉండి ఉష్ణోగ్రత కొలిచే వాటర్‌ప్రూఫ్ డీఎస్18బీ20 ప్రోబులు రెండు, బోర్డు మాట విని బల్బును వెలిగించి ఆర్పే రిలే మాడ్యూల్, 40 వాట్ల మామూలు బల్బు. ఒక ప్రోబు గిన్నెకు ఆనించాను, రెండోది పెట్టెలో గాలికి వేలాడుతుంది. 29 కంటే తగ్గితే బల్బు వెలగాలి, 31 దాటితే ఆరాలి. కోడ్ అంతే.

రెండు ప్రోబులూ ఒకే గ్లాసు నీళ్లలో పెడితే ఒకటి 26.1 అంటుంది, ఇంకోటి 27.6 అంటుంది. రిలే టక్కుమన్నప్పుడు ఒక్కోసారి 85 వస్తుంది. అప్పుడప్పుడు మైనస్ 127. నిన్న రాత్రి రెండింటికి లేచి చూస్తే బల్బు వెలుగుతూనే ఉంది, పెట్టెలో చెయ్యి పెట్టలేనంత వేడి, స్క్రీన్ మీద మైనస్ 127. గిన్నె అంచుల్లో పిండి సగం ఉడికిపోయింది. అమ్మ ఏమీ అనలేదు గానీ నాకు ఆ తర్వాత నిద్ర పట్టలేదు. సెన్సర్లు పాడైనవేనా, మార్చేయాలా?

---

కడప_కుర్రోడు · శనివారం రాత్రి 11:05

అన్నా, నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, యలహంకలో ఉంటా. నా కిట్టులో డీహెచ్‌టీ11 అనే సెన్సర్ ఉండాది. దాన్నే పెట్టేస్తే పోదా? తేమ కూడా చూపిస్తాది కదా.

---

పద్మ_హెచ్ఎస్ఆర్ · శనివారం రాత్రి 11:31

మహి గారూ, ముందు ఒక మాట. ఇది సరిచేసేదాకా ఆ పెట్టెను రాత్రిపూట ప్లగ్గులో ఉంచకండి. థర్మాకోల్ పక్కన 40 వాట్ల బల్బు ఆగకుండా వెలగడం చిన్న విషయం కాదు.

మీరు చెప్పిన రెండు అంకెలకూ అర్థం ఉంది. సెన్సర్‌కు కరెంటు వచ్చిన మరుక్షణం దాని మెమరీలో ఉండే విలువే 85. కొలవమని చెప్పి, కొలత పూర్తయ్యేలోపే చదివితే 85 వస్తుంది. 12 బిట్లలో, అంటే అన్నిటికన్నా సూక్ష్మంగా, కొలవడానికి దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మధ్యలో కరెంటు ఒక్క క్షణం కుంగి సెన్సర్ రీసెట్ అయినా మళ్లీ 85తోనే లేస్తుంది. మీకు రిలే టక్కుమన్నప్పుడే వస్తోందంటున్నారు కాబట్టి ఇది రెండో రకం. రిలేకు, బోర్డుకు ఒకే ఫోన్ చార్జర్ నుంచి ఇస్తున్నారా?

మైనస్ 127 సెన్సర్ చెప్పే మాట కాదు. సెన్సర్ జవాబు రాకపోతే, వచ్చిన జవాబులో సీఆర్‌సీ (తప్పుల్ని పట్టే తనిఖీ సంఖ్య) కుదరకపోతే, సెన్సర్‌ను చదివే రెడీమేడ్ కోడ్, అంటే లైబ్రరీ, మీకిచ్చే సంకేతం అది. డీఎస్18బీ20 కొలవగలిగేదే మైనస్ 55 నుంచి 125 దాకా, కాబట్టి ఆ అంకె ఉష్ణోగ్రత అయ్యే అవకాశమే లేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మీ కోడ్ ఆ మైనస్ 127ను ఉష్ణోగ్రత అనుకుంది. 29 కంటే తక్కువ కదా, బల్బు వెలిగించింది. వైరు ఊడిపోయినంతసేపూ వెలిగిస్తూనే ఉంటుంది. సెన్సర్లు మార్చినా ఈ తప్పు మీ కోడ్‌లోనే ఉంటుంది.

డేటా తీగకూ పవర్ తీగకూ మధ్య పెట్టే పుల్‌అప్ రెసిస్టర్ ఎంతది పెట్టారు?

---

మహి_మారతహళ్లి · శనివారం రాత్రి 11:44

ఒకే చార్జర్ అండీ. పుల్‌అప్ 10 కిలో ఓములది. కావలసిన 4.7 ఇంట్లో లేదు, ఉన్నది పెట్టాను. ప్రోబు తీగలు బ్రెడ్‌బోర్డులోనే గుచ్చాను, కాస్త వదులుగానే ఉన్నాయి. ప్లగ్గు ఇప్పుడే తీసేశాను.

---

తీగల_సుబ్బారావు · ఆదివారం ఉదయం 6:10

బాబూ మహీ, పద్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. నేను ముప్పయ్యేళ్లు ఫ్యాక్టరీల్లో ఫర్నేస్ కంట్రోలర్ల మీద పనిచేశాను. అక్కడ మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. ఫర్నేస్ వేడి కొలిచే తీగ, థర్మోకపుల్, తెగితే కంట్రోలర్ దాన్ని అతి వేడిగా లెక్కగట్టి హీటర్ ఆపాలి, చల్లగా ఉందనుకోకూడదు. దాన్ని బర్నౌట్ అంటాం. మీ ఇడ్లీ పెట్టెకూ అదే సూత్రం వర్తిస్తుంది.

ఇక బల్బు సంగతి. పెట్టె కొలతలు చెప్పు, గోడ మందం ఎంత?

---

మహి_మారతహళ్లి · ఆదివారం ఉదయం 7:25

లోపల 40 బై 30 బై 30 సెంటీమీటర్లు సార్. మందం ఒక అంగుళం.

---

తీగల_సుబ్బారావు · ఆదివారం ఉదయం 8:02

లెక్క చూడు. ఆరు ముఖాలూ కలిపి 0.66 చదరపు మీటర్లు. థర్మాకోల్ ఉష్ణవాహకత సుమారు 0.035, మందం 0.025 మీటర్లు. అంటే లోపలికీ బయటికీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు దాదాపు 0.92 వాట్ల వేడి గోడల గుండా పోతుంది. బయట 16, లోపల 30 కావాలంటే తేడా 14 డిగ్రీలు, అందుకు 13 వాట్లు చాలు.

నువ్వు 40 వాట్లు పెట్టావు. అది ఆరకుండా వెలిగితే లోపల 43 డిగ్రీల తేడా నిలబడుతుంది. 16కు 43 కలిపితే 59. నీ పిండి అంచులు ఉడికింది అందుకే.

జీరో వాట్ బల్బు అని మన ఇళ్లలో నైట్ ల్యాంపుకు వాడతామే, ఆ పాతరకం ఫిలమెంటుది. పేరు జీరో గానీ 15 వాట్ల దాకా తింటుంది. అది పెట్టు. రిలే అతుక్కుపోయినా, కోడ్ ఆగిపోయినా, ప్రోబు ఊడినా, అది రాత్రి 32 దాటించలేదు. పిండికి అంతకన్నా రక్షణ ఏముంటుంది? ఎల్ఈడీ నైట్ ల్యాంపు మాత్రం కొనకు, దాని వేడి దేనికీ చాలదు.

రుబ్బిన పిండి గ్రైండర్‌లో ఎలాగూ కాస్త వేడెక్కే వస్తుంది. అది చల్లారేలోపే పెట్టెలో పెట్టమని అమ్మగారికి చెప్పు. అప్పుడు 15 వాట్లు పిండిని వేడిచేయనక్కర్లేదు, ఉన్న వేడిని నిలబెడితే చాలు.

---

రిచీవీధి_రాజు · ఆదివారం ఉదయం 9:40

చెన్నై నుంచి. ఇక్కడ పిండి పులియడం సమస్యే కాదు, పొంగిపోకుండా ఆపడమే సమస్య :) రెండు ప్రోబుల్లో ఏది నిజమో తేల్చుకోవాలంటే నేను చేసేది చెప్తా. నీళ్లు మరిగించి అందులో ముంచండి. 100 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత కోడ్‌లో తీసెయ్యడమే. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న ప్రతి ప్రోబునూ ఇలాగే చూసుకుంటా.

---

పద్మ_హెచ్ఎస్ఆర్ · ఆదివారం ఉదయం 10:15

రాజు గారూ, చెన్నైలో అది సరే. బెంగళూరులో నీళ్లు 100కు మరగవు. మనం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఇక్కడ గాలి పీడనం 910 హెక్టోపాస్కల్స్ చుట్టూ ఉంటుంది, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. మహి గారు మీ మాట విని 100 అనుకుని సరిచేస్తే సరిగా ఉన్న ప్రోబును కూడా మూడు డిగ్రీలు చెడగొట్టుకున్నట్టే.

పైగా ఈ చిప్‌కు అర డిగ్రీ హామీ ఉన్నది మైనస్ 10 నుంచి 85 దాకానే. ఆపైన 2 డిగ్రీల దాకా తప్పొచ్చు. ఈ చవక ప్రోబుల కేబుల్ ఎక్కువగా పీవీసీ, మరిగే నీళ్లలో మెత్తబడుతుంది. మనకు కావలసింది 30 దగ్గర నిజం. 97 దగ్గర తేల్చుకుని ప్రయోజనం లేదు.

మంచుతో చూడండి. ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డలు నేరుగా వాడితే అవి సున్నాకంటే చాలా చల్లగా ఉంటాయి. బాగా చితక్కొట్టి, ఫ్లాస్కులో నిండుగా పోసి, సందులు నిండేంత చల్లటి నీళ్లు మాత్రమే పోయండి. మంచు తేలిపోయేంత నీళ్లు వద్దు. ఉప్పు తగలకూడదు. ప్రోబు కొన అడుగుకూ గోడకూ తగలకుండా మధ్యలో ఉండాలి, కేబుల్ మొదలు కూడా రెండు మూడు అంగుళాలు మునగాలి. లేకపోతే బయటి వేడి తీగ వెంట లోపలికి దిగుతుంది. కలుపుతూ పది నిమిషాలు ఆగండి. అప్పుడు వచ్చేది సున్నా.

రెండో గుర్తుకు గోరువెచ్చని నీళ్లు, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్. అది చేరిన గరిష్ఠాన్నే పట్టి ఉంచుతుంది కాబట్టి బీప్ వచ్చిన క్షణంలోనే ప్రోబు అంకె కూడా రాసుకోండి. మీ 30కి 37 బాగా దగ్గర.

---

రిచీవీధి_రాజు · ఆదివారం ఉదయం 10:28

ఎత్తు సంగతి నాకు తట్టనే లేదు. థాంక్స్ పద్మ గారూ. మా తమ్ముడు కోరమంగళలో ఉంటాడు, వాడికీ ఇదే చెప్పాను, ఇప్పుడే ఫోన్ చేస్తా.

---

ఓరుగల్లు_అనిల్ · ఆదివారం మధ్యాహ్నం 12:50

మహి అన్నా, రెండు ప్రోబుల నడుమ డిగ్రీన్నర తేడా అంటున్నవు. ఒక్కోటి అర డిగ్రీ అటో ఇటో తప్పినా, తేడా ఒక డిగ్రీ దాటొద్దు. దాటిందంటే అండ్ల ఒక్కటన్నా నకిలీ చిప్పే. స్టీలు గొట్టంల పోసి అమ్మే చవక ప్రోబులల్ల నకిలీలు మస్తు. నాకూ అట్లనే అయింది, ఒక ఆన్‌లైన్ షాపుల పది కొంటే ఆరు వేరే చిప్పులే.

64 బిట్ల చిరునామా చదివి చూడు. 28తోటి మొదలైతది, అది ఈ చిప్పు కుటుంబం సంఖ్య. ఆ తర్వాత ఆరు బైట్ల వరుస సంఖ్య, ఆఖరుకు సీఆర్‌సీ. పేరున్న డిస్ట్రిబ్యూటర్ల కాడ నేను కొన్న వాటన్నిటికి వరుస సంఖ్యల ఆఖరి రెండు బైట్లు సున్నాలే. నకిలీలల్ల అక్కడ ఏదో ఒక సంఖ్య ఉంటది. దీన్ని ఆఖరి రుజువు అనుకోవద్దు, కానీ మొదటి జల్లెడగ బాగ పనికొస్తది.

నకిలీ అని తేలినా పారెయ్యకు. మంచుల సున్నా కాడ ఎంత తప్పుతదో 37 కాడ కూడ అంతే తప్పితే, ఆ తేడా తీసేసుకుని పిండికి వాడుకోవచ్చు. రెండు తీగల పారసైట్ పవర్‌తోటి (కరెంటు కూడ డేటా తీగ మీదనే తీసుకునే పద్ధతి) మాత్రం నడపకు, కొన్ని నకిలీలకు అది చాతకాదు. మూడు తీగలు కలుపు.

---

లక్ష్మి_మిద్దెతోట · ఆదివారం సాయంత్రం 4:20

కడప తమ్ముడు డీహెచ్‌టీ11 గురించి అడిగితే ఎవరూ చెప్పలేదు. నాన్నా, అది ఒక్కో డిగ్రీ మెట్టులో చూపిస్తుంది, రెండు డిగ్రీలు అటూఇటూ తప్పొచ్చు. 29కి ఆన్, 31కి ఆఫ్ అనే పెట్టెలో నీకు కావలసిన రెండు డిగ్రీల సందంతా దాని తప్పులోనే పోతుంది. డీహెచ్‌టీ22 అర డిగ్రీ వరకు నయం, కానీ రెండు సెకన్లకు ఒకసారే అడగాలి. పిండి గిన్నె దగ్గర ఆవిరి చేరుతుంది, ఈ రెండింటికీ ముఖాన చిల్లులే. తడి అంటే వాటికి పడదు.

మా బనశంకరి మిద్దెమీద టమాటా కుండీల దగ్గర డీహెచ్‌టీ22 పెట్టాను. ఒక వానాకాలం గడిచాక తేమ 99.9 దగ్గర ఆగిపోయింది, ఎండ కాసినా దిగలేదు. ఇప్పుడు మట్టిలో డీఎస్18బీ20, గాలికి ఎస్‌హెచ్‌టీ31 వాడుతున్నాను. గాలి సెన్సర్‌ను ఎండలో వదిలేసినప్పుడు మధ్యాహ్నం 41 చూపించేది, బెంగళూరులో! అది గాలి వేడి కాదు, ఎండకు కాగిన ప్లాస్టిక్ డబ్బా వేడి. తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలు ఆరు, మధ్యలో సందులుంచి ఒకదానిమీద ఒకటి బిగించి వాటి నడుమ పెట్టాక నమ్మే అంకెలు వస్తున్నాయి. వాతావరణ శాఖవాళ్ల తెల్ల రెక్కల పెట్టె కూడా ఇందుకే.

---

కడప_కుర్రోడు · ఆదివారం సాయంత్రం 4:41

అక్కా, మరి బీఎంఈ280 తీసుకుందామని చూస్తా ఉండా. దాంట్లో వేడి, తేమ, పీడనం మూడూ వస్తాయంట.

---

పద్మ_హెచ్ఎస్ఆర్ · ఆదివారం సాయంత్రం 6:05

మంచి సెన్సరే తమ్ముడూ, కానీ కొన్నాక మొట్టమొదట చిప్ ఐడీ, అంటే అది ఏ రకం చిప్పో చెప్పే సంఖ్య, చదువు. చిప్ లోపలి డీ0 అనే గడి (రిజిస్టర్)లో హెక్స్ 60 ఉంటే బీఎంఈ280, 58 ఉంటే బీఎంపీ280. రెండోదానికి తేమ కొలిచే భాగమే ఉండదు, కానీ బీఎంఈ పేరుతో అమ్మేవాళ్లున్నారు. కంటితో కూడా గుర్తుపట్టొచ్చు. బీఎంఈ నలుచదరంగా ఉంటుంది, బీఎంపీ కాస్త పొడుగు. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో కొనేటప్పుడు డబ్బులిచ్చే ముందే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూసుకో.

దాన్ని ఈఎస్‌పీ బోర్డుకు ఆనించి పెట్టకు. వైఫై నడిచేటప్పుడు బోర్డు వేడెక్కి, సెన్సర్ గది వేడి బదులు బోర్డు వేడి చెబుతుంది. ఏ సెన్సర్‌కైనా ఇంతే. జానెడు తీగ మీద బయటికి లాగితే సగం ఫిర్యాదులు ఉండవు.

మహి గారూ, కోడ్‌లో ఇవి పెట్టండి. వచ్చిన విలువ 5 కంటే తక్కువైనా, 50 కంటే ఎక్కువైనా బల్బు ఆర్పేయాలి. అందులో 85, మైనస్ 127 రెండూ పోతాయి. మంచి కొలతలు వరుసగా మూడు వచ్చేదాకా మళ్లీ వెలిగించకూడదు. 5 అని ఎందుకన్నానంటే, డేటా తీగ గ్రౌండుకు తగిలితే చదివిన తొమ్మిది బైట్లూ సున్నాలే వస్తాయి. సున్నాల సీఆర్‌సీ కూడా సున్నాయే. జాగ్రత్తపడని కోడ్ దాన్ని మంచి కొలతగా ఒప్పుకుని 0 డిగ్రీలు అంటుంది. మళ్లీ బల్బు వెలుగుతుంది. నాకు ఈ తప్పు దొరకడానికి రెండు రోజులు పట్టింది, అందుకే ఇంత పట్టి చెబుతున్నాను.

రెండు ప్రోబులనూ మొదటిది, రెండోది అని వరుసతో పిలవకండి. ఒకటి ఊడితే రెండోది మొదటిదైపోతుంది. చిరునామాతో పిలవండి, ఆ చిరునామా కాగితం మీద రాసి కేబుల్‌కు చుట్టండి.

---

తీగల_సుబ్బారావు · ఆదివారం రాత్రి 7:30

కోడ్ ఎంత బాగున్నా రిలే పలకలు అతుక్కుపోతే దాని మాట వినేవాళ్లు ఉండరు. అందుకని బల్బు ఫేజు వైరుకు వరుసలో కేఎస్‌డీ9700 అనే చిన్న బైమెటల్ స్విచ్చు పెట్టు. 45 డిగ్రీలది, మామూలుగా కలిసి ఉండి వేడికి తెగేది అని అడిగి తీసుకో. రెండు రకాలూ ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. దాన్ని బల్బుకు దగ్గరగా పెట్టు.

బల్బు చుట్టూ చిల్లులు కొట్టిన రేకు డబ్బా బోర్లించి, ఆ డబ్బాకు ఎర్త్ కలుపు. హోల్డరు పింగాణీది. 230 వోల్టుల జాయింట్లు ఏవీ బయటికి కనిపించకూడదు, అమ్మగారు తడిచేత్తో మూత తీస్తారు.

---

మహి_మారతహళ్లి · శుక్రవారం రాత్రి 9:15

అందరికీ లెక్క అప్పజెప్పాలి.

ఎస్పీ రోడ్ వెళ్లి 4.7 కిలో ఓముల రెసిస్టర్లు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, స్క్రూ టెర్మినళ్లు, బైమెటల్ స్విచ్చు తెచ్చాను. రిలేకు వేరే చార్జర్ ఇచ్చాను. కరెంటు క్షణం కుంగినా తట్టుకునేలా ప్రతి ప్రోబు తీగల దగ్గరా కెపాసిటర్ పెట్టాను. తీగలు స్క్రూలకు బిగించాక మైనస్ 127 ఈ వారంలో ఒక్కసారీ రాలేదు. 85 రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ బల్బు ఆరే ఉంది.

మంచులో ఒకటి 0.1, ఇంకోటి 1.6. జ్వరం థర్మామీటర్ 37.2 అన్నప్పుడు అవి 37.2, 38.7. అనిల్ అన్నా, నువ్వు చెప్పినట్టే తప్పే ప్రోబు చిరునామాలో ఆ చోట సున్నాలు లేవు. 1.5 తీసేసి దాన్ని గాలికి పెట్టాను, మంచిది గిన్నె బయటి గోడకు అల్యూమినియం టేపుతో అంటించి పైన గుడ్డ చుట్టాను.

కావాలనే పరీక్ష చేశాను. బల్బు వెలుగుతుండగా ప్రోబు తీగ పీకేశాను. తర్వాతి కొలతకే ఆరింది. డేటా తీగను గ్రౌండుకు తాకించాను, అప్పుడూ ఆరింది. తర్వాత రిలేను దాటవేసి బల్బును నేరుగా రెండు గంటలు వెలిగించి పక్కనే కూర్చున్నాను. వంటింట్లో 19 ఉంటే పెట్టెలో 34 దగ్గర ఆగిపోయింది. సుబ్బారావు గారూ, మీ లెక్క ఒక్క డిగ్రీ తేడాతో సరిపోయింది.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు పిండి పెట్టాం. తెల్లారి నాలుగింటికి వంటింట్లో 17.2, గిన్నె 29.3 నుంచి 30.8 మధ్యే తిరిగింది. ఆరింటికి అమ్మ మూత తీసి నన్ను లేపింది, పిండి మూతకు అంటుకుని ఉంది. అందరికీ రుణపడి ఉంటాను.

ఇప్పుడు అమ్మ పెరుగు కూడా ఇందులోనే తోడుపెడతానంటోంది. దానికి 42 కావాలి. 40 వాట్ల బల్బు మళ్లీ పెట్టడం నాకు ఇష్టం లేదు.

---

తీగల_సుబ్బారావు · శుక్రవారం రాత్రి 9:50

బల్బు మార్చకు. పెట్టె చుట్టూ ఇంకో అంగుళం థర్మాకోల్ అతికించు, మూతకు కూడా. కారే వేడి సగమవుతుంది, అవే 15 వాట్లు 32 డిగ్రీల తేడా దాకా నిలబెడతాయి. 17కు 32 కలిపితే 49, నీ 42కు సరిపోయి కాస్త మిగులుతుంది. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టండి.

45 బైమెటల్ మాత్రం తీసెయ్యి. దానికి అయిదు డిగ్రీల దాకా అటూఇటూ ఉంటుంది, 42 దగ్గర ఊరికే తెగుతుంటుంది. 55ది వెయ్యి. పిండికి 30, పెరుగుకు 42 అని రెండు బటన్లు పెట్టు, కరెంటు పోయి వస్తే ఎప్పుడూ 30తోనే మొదలవ్వాలి.